బ్యాక్‌గ్రౌండ్‌లో డేటాబేస్ మారుతుంటే యాప్ ఎందుకు మూసుకుపోతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో ఉండి చిన్న వ్యాపారాలకు యాప్‌లు చేస్తుంటాను. ఉల్లి కమీషన్ కొట్లకు లాట్ల లెక్క, ఆదోని వైపు పత్తి కొనేవాళ్లకు తూకాల చీటీలు, అనంతపురంలో ఒక శెనక్కాయల మిల్లుకు స్టాకు. అన్నిట్లోనూ ఒకటే వ్యవహారం: ఫోన్‌లో చిన్న డేటాబేస్, వెనకాల సర్వర్‌తో సింక్, అంటే రెండు చోట్లా లెక్క ఒకేలా ఉంచే పని. క్రాష్‌లు కూడా ఆ రెండిటి మధ్యే పుడతాయి. జూనియర్లు, కాలేజీ పిల్లలు, తోటి డెవలపర్లు నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలు ఇవి. మా కస్టమర్ల చేతుల్లో దాదాపు అన్నీ ఆండ్రాయిడ్ ఫోన్లే కాబట్టి ఎక్కువగా దాని గురించే రాశాను. ఫ్లట్టర్ (ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకూ యాప్ చేసే పరికరం), ఐఫోన్ సంగతులు తర్వాత కొంచెం ఉన్నాయి.

యాప్ ఉన్నట్టుండి మూసుకుపోతోంది. డేటాబేస్ అప్‌డేటే కారణమని ఎలా పోల్చుకోవాలి?

ఒకే పని ఇరవైసార్లు చేస్తే పంతొమ్మిదిసార్లు బాగుంటుంది, ఇరవయ్యోసారి పడిపోతుంది. ఇది మొదటి గుర్తు. ఎప్పుడూ ఒకే బటన్ దగ్గర పడిపోతుంటే అది మామూలు కోడ్ తప్పు, సాయంత్రానికల్లా దొరికిపోతుంది.

నెట్ తిరిగి వచ్చిన వెంటనే పడిపోవడం రెండో గుర్తు. ఆత్మకూరు దాటి నల్లమలలోకి పోయాక సిగ్నల్ సరిగా అందదు, దోర్నాల దగ్గరకొచ్చాక మళ్లీ దొరుకుతుంది. మా కస్టమర్ ఒకాయన సరుకు లారీ వెంట పోయినప్పుడల్లా యాప్ అక్కడే పడిపోయేది. "మీ యాప్‌కు దోర్నాల గాలి పడదప్పా" అనేవాడు. అడవిలో ఉన్నంతసేపు ఆగిపోయిన సింక్ అంతా అక్కడ ఒక్కసారిగా మొదలయ్యేది, అదీ సంగతి.

మూడో గుర్తు క్రాష్ రిపోర్టులోనే ఉంటుంది. స్టాక్ ట్రేస్ (పడిపోయినప్పుడు ఏ కోడ్ లైన్లు నడుస్తున్నాయో చెప్పే జాబితా) మొత్తం వెతికినా మీ సొంత కోడ్ లైన్ ఒక్కటీ కనిపించదు, అన్నీ ఆండ్రాయిడ్ లైబ్రరీ లైన్లే. అప్పుడు తప్పు ఆ లైన్లలో లేదు. అవి నడుస్తుండగా ఇంకో థ్రెడ్ (అదే యాప్‌లో పక్కనే నడిచే ఇంకో పని వరస) ఏం చేస్తోందో చూడాలి.

వెనకాల డేటా మారితే తెర ఎందుకు పడిపోవాలి? అసలు లోపల ఏం జరుగుతోంది?

కొట్లో గుమాస్తా ఖాతా పుస్తకం చూసి పైకి చదువుతున్నాడు. అదే టైంలో ఇంకొకడు వచ్చి అదే పుస్తకంలో కాగితాలు చించి కొత్తవి అతికిస్తున్నాడు. గుమాస్తా "38వ వరుస" అని వేలు పెట్టేసరికి అక్కడ కాగితమే లేదు. జరిగేది ఇదే.

మా ఉల్లి యాప్‌లో అచ్చం ఇలాగే జరిగింది. పొద్దున వేలం టైం. తెరమీద ఆ రోజు లాట్లు 41 ఉన్నాయి. కొట్టు ఆయన బొటనవేలితో జాబితాను పైకి తోసి 38వ లాటు నొక్కబోయాడు. సరిగ్గా అప్పుడే సింక్ మొదలైంది. నేను రాసిన సింక్ మోటుగా ఉండేది: ఉన్న లాట్లన్నీ తీసెయ్, సర్వర్ నుంచి వచ్చినవన్నీ ఒక్కొక్కటిగా ఎక్కించు. పైగా తెర ఏ జాబితాను చూపిస్తోందో, సింక్ థ్రెడ్ ఆ జాబితాలోనే నేరుగా తీసివేతలు, కూడికలు చేసేది. అన్నీ తీసేసింది. 12 ఎక్కించింది. జాబితాలో ఉన్నవి 12, తెర మాత్రం ఇంకా 41 ఉన్నాయనే అనుకుంటోంది. వేలు 38 మీద పడింది. యాప్ మూసుకుంది.

ఆయన మళ్లీ తెరిచేటప్పటికి సింక్ అయిపోయి 43 లాట్లు చక్కగా కనిపించాయి. "ఏమప్పా, మల్లా మూసుకపాయె" అని ఫోన్ చేశాడు. నేను అడిగినవన్నీ చేసి చూశాడు, ఏదీ పడిపోలేదు.

రిపోర్టులో ఉన్నది ఇంతే: ఇండెక్స్ 37, సైజ్ 12. కంప్యూటర్ సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి 38వది దానికి 37. ఆ 12 ఎక్కడిదని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. సర్వర్ ఎప్పుడూ 12 లాట్లు పంపలేదు, యార్డులో ఆ రోజు 12 లాట్లు ఏ టైంలోనూ లేవు. అది పని సగంలో ఉన్నప్పటి లెక్క అని మూడో రోజు పొద్దున టీ తాగుతుంటే తట్టింది. అప్పటి నుంచి రిపోర్టులో అర్థం కాని అంకె కనిపిస్తే, సగం పనిలో ఉన్న స్థితి ఏదైనా ఆ అంకెను ఇస్తుందా అనే మొదట చూస్తాను.

అయితే సరిచేయడం ఎలా?

మూడు మార్పులు చేశాను.

తెర వాడే జాబితాను సింక్ ముట్టుకోదు. సింక్ డేటాబేస్‌లో మాత్రమే రాస్తుంది. తెర డేటాబేస్‌ను గమనిస్తూ ఉంటుంది. రూమ్ లైబ్రరీ (ఆండ్రాయిడ్‌లో డేటాబేస్ పని తేలిక చేసేది) వాడేవాళ్లు క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) ఫలితాన్ని ఫ్లోగానో లైవ్‌డేటాగానో తీసుకుంటే, పట్టిక మారినప్పుడల్లా కొత్త జాబితా దానంతటదే వస్తుంది. దాన్ని జాబితాను తెరకెక్కించే లిస్ట్‌అడాప్టర్‌కు ఇస్తే పాత జాబితాకూ కొత్తదానికీ తేడా చూసి మారిన వరుసలే మారుస్తుంది. ఇచ్చేది ప్రతిసారీ కొత్త జాబితా అయి ఉండాలి. ఉన్నదాన్నే సవరించి మళ్లీ ఇస్తే మొదటికే వస్తాం.

తీసివేత, ఎక్కింపు రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే అన్నీ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు) ఉంటాయి. దాంతో బయటివాళ్లకు పాత 41 అయినా కనిపిస్తాయి, కొత్త 43 అయినా కనిపిస్తాయి. మధ్యలోని 12 ఎవరి కంటా పడవు.

మూడోది అందరూ మర్చిపోయేది. వేలు పడినప్పుడు వరుస సంఖ్యను పట్టుకోకూడదు, లాటు ఐడీని పట్టుకోవాలి. నొక్కిన క్షణానికి ఆ వరుస తీసేసి ఉంటే, జాబితాను తెరమీద చూపే రీసైక్లర్‌వ్యూ పొజిషన్‌గా -1 ఇస్తుంది. అది చూసుకోకుండా జాబితాలో -1ని అడిగితే ఇంకో క్రాష్. ఐడీతో వివరాల తెర తెరిచాక కూడా ఆ లాటు డేటాబేస్‌లో లేకపోవచ్చు. లేకపోతే "ఈ లాటు తీసేశారు" అని చూపించి వెనక్కి పంపండి. లాటు కచ్చితంగా ఉంటుందని నమ్మి రాస్తే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ (లేనిదాన్ని వాడబోయారనే తప్పు) వస్తుంది.

లాగ్‌క్యాట్‌లో (ఆండ్రాయిడ్ రాసుకునే లాగ్‌లో) ఏ మాటలు కనిపిస్తే ఏ రోగం అనుకోవాలి?

"ఇన్‌కన్సిస్టెన్సీ డిటెక్టెడ్, ఇన్‌వాలిడ్ వ్యూ హోల్డర్ అడాప్టర్ పొజిషన్" అని ఉంటే పైన చెప్పిన జబ్బే. రీసైక్లర్‌వ్యూకు చెప్పకుండా దాని కింద జాబితాను ఎవరో మార్చారు. పాత లిస్ట్‌వ్యూ అయితే ఇంకా మర్యాదగా చెప్తుంది: అడాప్టర్‌లోని సరుకు మారింది, నాకు కబురు రాలేదు, బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్ నుంచి మార్చకండి అని.

"కాల్డ్ ఫ్రమ్ రాంగ్ థ్రెడ్ ఎక్సెప్షన్" అంటే సింక్ థ్రెడ్ నుంచి నేరుగా తెరమీది టెక్స్ట్ మార్చబోయారు. తెరను తయారుచేసిన థ్రెడ్డే దాన్ని ముట్టుకోవాలి.

"కంకరెంట్ మోడిఫికేషన్ ఎక్సెప్షన్": ఒక జాబితాను చదువుతూ పోతుండగా మధ్యలో దాన్ని మార్చారు. పేరు చూసి ఇది రెండు థ్రెడ్‌ల మధ్యే వస్తుందనుకుంటారు. లూప్ తిరుగుతూ అదే లూప్‌లో అదే జాబితా నుంచి ఒకటి తీసేస్తే ఒక్క థ్రెడ్‌లో కూడా వస్తుంది.

"అటెంప్ట్ టు రీఓపెన్ యాన్ ఆల్రెడీ క్లోజ్డ్ ఆబ్జెక్ట్": ఒకరు వాడుతుండగానే ఇంకొకరు డేటాబేస్‌ను మూసేశారు. సింక్ చివర్లో క్లోజ్ అని రాసుకునే పాత అలవాటు వల్ల వస్తుంది. యాప్ బతికున్నంతసేపు డేటాబేస్ తెరిచి ఉంచడంలో తప్పేమీ లేదు. యాప్ ప్రాసెస్ పోయినప్పుడు సిస్టమే సర్దుకుంటుంది.

"టూ మెనీ ఎస్‌క్యూఎల్ వేరియబుల్స్": సర్వర్ పంపిన ఐడీలన్నీ ఒకే క్వెరీలో "ఇన్" కింద కుక్కారు. ఫోన్‌లో ఉండే డేటాబేస్ ఎస్‌క్యూలైట్. దాని 3.32 కంటే పాతవాటిలో మామూలుగా 999 దాకే కుదురుతుంది. ఆఫీసులో 200 రికార్డులతో పరీక్షించి, సీజన్‌లో 1,500 వచ్చినప్పుడు బోర్లా పడేది ఇక్కడే. 500 చొప్పున విడగొట్టండి.

నా ఫోన్‌లో రాదు, కస్టమర్ దగ్గరే వస్తుంది. ఎలా రప్పించాలి?

రప్పించకుండా సరిచేశానంటే నమ్మకండి, నన్ను కూడా. ఇలాంటి తప్పు కంటికి దొరికే సందు కొన్ని మిల్లీసెకన్లే ఉంటుంది. ఆ సందును మనమే సాగదీయాలి.

నేను చేసేది: టెస్ట్ బిల్డ్‌లో తీసివేతకూ ఎక్కింపుకూ మధ్య మూడు సెకన్ల ఆలస్యం పెడతాను. సింక్‌ను రెండు సెకన్లకోసారి తిరిగేలా చేస్తాను. డేటాబేస్‌లో 5,000 ఉత్తుత్తి లాట్లు నింపి, ప్రతి సింక్‌కూ సర్వర్ వేరే సంఖ్యలో లాట్లు పంపేలా మారుస్తాను. ఈ చివరిది ముఖ్యం. నా పాత టెస్ట్ సర్వర్ ఎప్పుడూ అవే 20 లాట్లు పంపేది, 20 తీసి 20 ఎక్కిస్తే తేడా ఎవరికి తెలుస్తుంది? తర్వాత ఫోన్ తీసుకుని జాబితాను పైకీ కిందకీ తోస్తూ, ఇష్టం వచ్చినట్టు నొక్కుతూ ఉంటాను. ఓపిక లేకపోతే ఆండ్రాయిడ్‌తో పాటే వచ్చే మంకీ అనే పరికరం ఉంది, వేల నొక్కుళ్లు అదే నొక్కుతుంది. మా ఉల్లి క్రాష్ ఈ పద్ధతిలో 40 సెకన్లలో దొరికింది. అంతకుముందు రెండు వారాలు దొరకలేదు.

డెవలపర్ ఆప్షన్స్‌లో "డోంట్ కీప్ యాక్టివిటీస్" కూడా ఆన్ చేయండి. తెర పక్కకు పోగానే సిస్టమ్ దాన్ని తీసేస్తుంది. సింక్ జవాబు వచ్చేసరికి తెర లేకపోతే యాప్ ఏం చేస్తుందో అప్పుడు బయటపడుతుంది. విమానం మోడ్ వేసి తీసి చూడడం మామూలే కానీ చాలామంది చేయరు.

ఇంకొకటి. మీ దగ్గరున్న మంచి ఫోన్‌లో కాదు, ర్యామ్ తక్కువున్న పాత ఫోన్‌లో చూడండి. యార్డులో హమాలీ దగ్గర, గుమాస్తా దగ్గర ఉండేది అదే. స్టోరేజీ నిండిపోయి, గుడ్ మార్నింగ్ వీడియోలతో మూలుగుతుంటుంది. అందులో రాత నెమ్మది, సందు పెద్దది.

కస్టమర్ "పోయింది" అని మాత్రమే చెప్తాడు. ఏం అడగాలి?

ఏం నొక్కావని అడగొద్దు, గుర్తుండదు. అడిగితే మనల్ని సంతోషపెట్టడానికి ఏదో ఒకటి చెప్తాడు కూడా. నేను అడిగేవి ఇవి: టైం ఎంత? దానికి ముందు ఫోన్ చాలాసేపు జేబులో ఉందా, చేతిలోనే ఉందా? సిగ్నల్ పోయి వచ్చిందా? మళ్లీ తెరిస్తే ఎంట్రీలు అన్నీ ఉన్నాయా, ఏమైనా తగ్గాయా? టైం తెలిస్తే సర్వర్ లాగ్‌లో ఆ నిమిషానికి సింక్ జరిగిందో లేదో చూడొచ్చు.

మనుషుల జ్ఞాపకం మీద ఆధారపడకుండా ఉండాలంటే సింక్ మొదలైనప్పుడు, ముగిసినప్పుడు, ఎన్ని వరుసలు తీసి ఎన్ని ఎక్కించిందో క్రాష్‌లిటిక్స్ (క్రాష్ రిపోర్టులు మనకు పంపే సేవ) లాగ్‌లో ఒక్కో లైన్ రాయించండి. క్రాష్ అయితే ఆ లైన్లు రిపోర్టుతో పాటే వస్తాయి. "సింక్ మొదలు" అని ఉండి "సింక్ ముగింపు" లేకపోతే సగం కేసు తేలినట్టే. రైతు పేరు, ఫోన్ నంబరు, డబ్బు లెక్క మాత్రం ఆ లాగ్‌లో పెట్టకండి.

"డేటాబేస్ ఈజ్ లాక్డ్" ఎందుకొస్తుంది?

ఎస్‌క్యూలైట్‌లో ఒక సమయంలో ఒక్కరే రాయగలరు. ఒకరు రాస్తుంటే రెండోవాళ్లు ఆగాలి, కొంతసేపు ఆగినా తాళం రాకపోతే ఈ ఎక్సెప్షన్ వస్తుంది. ఎర్రర్ కోడ్ 5.

ఒకే యాప్‌లో ఇద్దరు ఎందుకున్నారన్నదే చూడాల్సింది. నేను చూసిన కోడ్‌లో ఎక్కువసార్లు కారణం ఒకటే: తెర ఒక డేటాబేస్ హెల్పర్‌ను (డేటాబేస్‌ను తెరిచి ఇచ్చే కోడ్) తయారుచేసుకుంటుంది, సింక్ సర్వీస్ ఇంకో హెల్పర్‌ను తయారుచేసుకుంటుంది. రెండు హెల్పర్లు అంటే రెండు వేరు కనెక్షన్లు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. యాప్ మొత్తానికి ఒక్క హెల్పరే ఉంటే రాతలు లోపలే వరుసలో నిలబడతాయి. రూమ్‌లో కూడా డేటాబేస్ ఆబ్జెక్ట్ ఒక్కటే ఉండాలి.

రెండో కారణం ఇంకా చిలిపిది. ట్రాన్సాక్షన్ తెరిచి, దాని లోపల సర్వర్‌ను పిలిచి, జవాబు కోసం కూర్చోవడం. నెట్ బాగున్నప్పుడు అర సెకను. 4జీ గీత ఒక్కటే ఉన్న ఊళ్లో ముప్పై సెకన్లు, అంతసేపూ తాళం మన జేబులోనే. ముందు నెట్ పని ముగించండి, డేటా చేతికొచ్చాక ట్రాన్సాక్షన్ తెరవండి, రాయండి, మూసేయండి.

వాల్ మోడ్ పెడితే లాక్ సమస్య పోతుందంటున్నారు. నిజమేనా?

సగం నిజం. వాల్ అంటే రైట్ అహెడ్ లాగింగ్. అది 2010లో ఎస్‌క్యూలైట్ 3.7.0తో వచ్చింది. అందులో కొత్త రాతలు ముందు పక్కనున్న వేరే ఫైల్‌లోకి పోతాయి, కాబట్టి ఒకరు రాస్తుండగానే మిగతావాళ్లు పాత స్థితిని నిశ్చింతగా చదువుకోవచ్చు. తెర ఆగకుండా ఉండడానికి చాలా మంచిది. ర్యామ్ మరీ తక్కువని గుర్తించిన ఫోన్లు తప్ప మిగతావాటిలో రూమ్ దీన్నే వాడుతుంది. రాసేవాళ్లు మాత్రం అప్పటికీ ఒక్కరే. ఇద్దరు రాయబోతే లాక్ గొడవ అలాగే ఉంటుంది.

వాల్‌తో ఇంకో చిక్కు ఉంది. డేటాబేస్ పక్కన "-వాల్", "-ఎస్‌హెచ్‌ఎం" అని తోక ఉన్న రెండు ఫైళ్లు ఉంటాయి. బ్యాకప్ తీస్తున్నామని అసలు ఫైల్ ఒక్కటే కాపీ చేస్తే తాజా రాతలు రావు. పాత వాల్ ఫైల్ ఉండగా అసలు ఫైల్‌ను మాత్రం మార్చేస్తే డేటాబేస్ పాడవచ్చు కూడా. నిన్నటి లెక్కలు ఎటుపోయాయని తల పట్టుకునేవాళ్లు ముందు ఈ మూడు ఫైళ్ల సంగతి చూడండి.

ట్రై క్యాచ్ పెట్టి ఎక్సెప్షన్‌ను మింగేస్తే సరిపోదా?

పెట్టండి, క్రాష్ పోతుంది. దాని బదులు ఒక లాటు రెండుసార్లు బిల్లు అవుతుంది, లేదా అసలు అవ్వదు. డబ్బు లెక్క ఉన్న యాప్‌లో నాకైతే క్రాష్ అయినా పర్వాలేదు, తప్పు లెక్క వద్దు. లాక్ ఎక్సెప్షన్ ఒక్కదాన్ని పట్టుకుని సింక్‌ను కాసేపాగి మళ్లీ ప్రయత్నించమనడంలో తప్పు లేదు.

రూమ్ మెయిన్ థ్రెడ్‌లో (తెరను నడిపే థ్రెడ్‌లో) డేటాబేస్ ముట్టుకోనివ్వడం లేదు. "అలౌ మెయిన్ థ్రెడ్ క్వెరీస్" పెట్టుకోవచ్చా?

వద్దు. నొక్కినదానికి 5 సెకన్లలోపు స్పందించకపోతే ఆండ్రాయిడ్ ఏఎన్ఆర్ (యాప్ స్పందించడం లేదన్న ముద్ర) వేస్తుంది. వెనకాల సింక్ రాస్తుండగా మెయిన్ థ్రెడ్ తన రాత కోసం వరుసలో నిలబడితే ఆ 5 సెకన్లు ఇట్టే అయిపోతాయి.

సింక్‌లో "ఇన్సర్ట్ ఆర్ రీప్లేస్" వాడుతున్నాను. క్రాష్ లేదు కానీ అనుబంధ వరుసలు మాయమవుతున్నాయి. ఎందుకు?

ఈ ప్రశ్న ముందు వేరేవాళ్లు కాదు, నేనే నన్ను అడుక్కున్నాను.

రీప్లేస్ అంటే సవరించడం అని అనుకుంటాం. కాదు. అదే ఐడీతో పాత వరుస ఉంటే ఎస్‌క్యూలైట్ దాన్ని తీసేసి కొత్తది పెడుతుంది. నా యాప్‌లో లాట్ల పట్టిక ఒకటి, ఆ లాటులోని సంచుల తూకాల పట్టిక ఒకటి. తూకాల పట్టికకు ఫోరిన్ కీ (ఏ తూకం ఏ లాటుదో చెప్పే ముడి) పెట్టి, లాటు తీసేస్తే తూకాలు కూడా పోవాలని క్యాస్కేడ్ రాశాను. సింక్ ప్రతిసారీ లాటును రీప్లేస్ చేస్తోంది, అంటే తీసేస్తోంది, దాంతో గుమాస్తా అప్పుడే కొట్టిన సంచుల తూకాలు కూడా పోతున్నాయి. ఆయన తూకం తెరమీద ఉండగానే కింద వరుసలు మాయం. సేవ్ నొక్కితే ఒకోసారి "ఫోరిన్ కీ కన్‌స్ట్రెయింట్ ఫెయిల్డ్" అని క్రాష్.

రూమ్ 2.5 నుంచి అప్‌సర్ట్ ఉంది. వరుస లేకపోతే ఎక్కిస్తుంది, ఉంటే ఉన్నదాన్నే సవరిస్తుంది, తీసివేత ఉండదు. అది వాడండి. అలాగే సర్వర్‌కు ఇంకా పంపని వరుసలకు ఒక గుర్తు పెట్టి, సింక్ వాటి జోలికి పోకుండా చూడండి.

సింక్ ఒకేసారి రెండు నడుస్తున్నట్టుంది. బ్యాక్‌గ్రౌండ్ పనులు నడిపే వర్క్‌మేనేజర్ అలా చేస్తుందా?

మీరు రెండు ఇస్తే రెండూ చేస్తుంది. యాప్ తెరిచినప్పుడల్లా ఒక పని వరుసలో పెట్టి, పైగా పీరియాడిక్ (కొంత వ్యవధికోసారి నడిచే) పని ఒకటి ఉంచి, "రిఫ్రెష్" బటన్‌కు ఇంకోటి తగిలిస్తే మూడూ ఒకే నిమిషంలో పడొచ్చు. యూనిక్ వర్క్‌గా ఒకే పేరుతో పెట్టి, ఉన్నదాన్ని ఉంచమని "కీప్" చెప్పండి. కాకపోతే పీరియాడిక్ పనికి ఒక పేరు, ఒక్కసారి పనులకు ఇంకో పేరు పెడతాం కాబట్టి అవి రెండూ ఢీకొనే వీలు ఉంటుంది. అందుకని సింక్ కోడ్ లోపల ఒక మ్యూటెక్స్ (ఒకసారి ఒక్కరినే లోపలికి పంపే తాళం) కూడా పెట్టుకుంటాను.

పీరియాడిక్ పనికి కనిష్ఠ వ్యవధి 15 నిమిషాలు. 5 అని రాసినా 15గానే తీసుకుంటుంది. ఆ టైంకు కచ్చితంగా నడుస్తుందన్న హామీ కూడా లేదు, ఫోన్ డోజ్‌లో (వాడకుండా ఉంచినప్పటి బ్యాటరీ పొదుపు నిద్రలో) ఉంటే వాయిదా పడుతుంది. ఒక పనికి మామూలుగా 10 నిమిషాలే గడువు, దాటితే సిస్టమ్ ఆపేస్తుంది. సగంలో ఆగినా డేటాబేస్ సరైన స్థితిలోనే ఉండేలా రాయాలి.

కొత్త వెర్షన్ వేయగానే కొందరికి యాప్ తెరుచుకోవడమే లేదు.

మైగ్రేషన్, అంటే పాత పట్టికలను కొత్త రూపానికి మార్చే కోడ్. "ఫలానా వెర్షన్ నుంచి ఫలానా వెర్షన్‌కు మైగ్రేషన్ కావాలి, దొరకలేదు" అని ఉంటే రాయడం మర్చిపోయారు. "డేటా ఇంటెగ్రిటీ సరిచూడలేను" అని ఉంటే పట్టిక మార్చి వెర్షన్ నంబరు పెంచడం మర్చిపోయారు. కొందరికే ఎందుకంటే, అందరూ మీ కిందటి వెర్షన్ నుంచే రారు. పోయిన సీజన్‌లో వేసుకుని, మళ్లీ ఉల్లి వచ్చేదాకా యాప్ ముట్టనివాడు 3 నుంచి నేరుగా 7కు వస్తాడు. ప్రతి పాత వెర్షన్ నుంచి వచ్చి చూడాలి.

ఇంటర్నెట్‌లో వెతికితే "ఫాల్‌బ్యాక్ టు డిస్ట్రక్టివ్ మైగ్రేషన్" పెట్టమని సలహా దొరుకుతుంది. అది పట్టికలన్నీ తీసేసి కొత్తగా మొదలుపెడుతుంది. సర్వర్ నుంచి మళ్లీ తెచ్చుకోగల వార్తల యాప్‌కు సరే. ఖాతాలున్న యాప్‌కు పొరపాటున కూడా వద్దు.

"కర్సర్ విండో నుంచి వరుస చదవలేకపోయాను" అని వస్తోంది.

చీటీ ఫోటోలను డేటాబేస్‌లోనే దాచి ఉంటారు. ఒక వరుస కర్సర్ విండోలో (డేటాబేస్ నుంచి చదివినవి పెట్టుకునే చోటు) పట్టాలి, దాని పరిమాణం మామూలుగా 2 ఎంబీ. ఫోటోను ఫైల్‌గా పెట్టి డేటాబేస్‌లో దారి మాత్రం రాయండి.

ఫ్లట్టర్‌లో కూడా ఇదే గొడవా?

గొడవ ఒకటే, పేర్లు వేరు. ఎస్‌క్యూఎఫ్‌లైట్ (ఫ్లట్టర్‌లో ఎస్‌క్యూలైట్ వాడుకునే ప్యాకేజీ) వాడేవాళ్లకు "డేటాబేస్ 10 సెకన్లుగా లాక్‌లో ఉంది" అనే హెచ్చరిక కనిపిస్తుంది. ట్రాన్సాక్షన్ లోపల ట్రాన్సాక్షన్ ఆబ్జెక్ట్ బదులు బయటి డేటాబేస్ ఆబ్జెక్ట్‌ను వాడితే అది తనకోసం తానే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఇక "సెట్‌స్టేట్ కాల్డ్ ఆఫ్టర్ డిస్పోజ్" అంటే తెర పోయాక జవాబు వచ్చింది. సెట్‌స్టేట్‌కు ముందు మౌంటెడ్ (తెర ఇంకా ఉందా అని) చూసుకోవాలి. బ్యాక్‌గ్రౌండ్ పని వేరే ఐసోలేట్‌లో నడుస్తుందని, మీ తెరలోని వేరియబుల్స్ దానికి కనిపించవని కూడా గుర్తుంచుకోండి.

ఐఫోన్‌లో?

కోర్ డేటా (డేటా దాచుకోవడానికి ఆపిల్ ఇచ్చే లైబ్రరీ) వాడితే ఒక కాంటెక్స్ట్‌కు చెందిన ఆబ్జెక్ట్‌ను ఇంకో థ్రెడ్‌లో ముట్టుకోకూడదు. పెర్ఫార్మ్ బ్లాక్ లోపలే పని చేయాలి. ఎక్స్‌కోడ్‌లో కోర్ డేటా కంకరెన్సీ డీబగ్ అనే లాంచ్ ఆర్గ్యుమెంట్‌ను 1 చేస్తే, తప్పు చేసిన చోటే యాప్ ఆగిపోయి చూపిస్తుంది. జాబితా చూపే టేబుల్‌వ్యూలో "ఇన్‌వాలిడ్ నంబర్ ఆఫ్ రోస్" అని వస్తే మన ఉల్లి లాట్ల కథే.

ఐఫోన్‌కే ప్రత్యేకమైన కోడ్ ఒకటుంది. క్రాష్ రిపోర్టులో డీ ఈ ఏ డీ 1 0 సీ సీ అని కనిపిస్తుంది, కలిపి చదివితే డెడ్‌లాక్ అని వినిపించేలా పేర్చారు. యాప్ పక్కకు పోయి నిద్రలోకి జారుకునేటప్పుడు ఫైల్ మీదో ఎస్‌క్యూలైట్ డేటాబేస్ మీదో తాళం వదలకపోతే సిస్టమ్ దాన్ని చంపేస్తుంది. విడ్జెట్‌తో పంచుకునే ఉమ్మడి ఫోల్డర్‌లో డేటాబేస్ పెట్టినవాళ్లకు తగులుతుంది. రాత మొదలుపెట్టే ముందే బ్యాక్‌గ్రౌండ్ టైం అడిగి, పని ముగిశాక వదిలేయండి.

సరిచేశాక పోయిందని ఎలా నమ్మాలి?

సందు సాగదీసిన టెస్ట్ బిల్డ్‌లోనే మళ్లీ చూడాలి. ఆలస్యం, మారే సంఖ్య, మంకీ, అన్నీ అలాగే ఉంచి. అక్కడ అరగంట నిలిచిందంటే నాకు సగం నమ్మకం. ప్లే కన్సోల్‌లో కొద్దిమందికే ముందు వదిలి, క్రాష్ రేటు చూస్తాను. వాడుకరికి కనిపించే క్రాష్‌లు రోజువారీ వాడుకరుల్లో 1.09 శాతం దాటితే ప్లే స్టోర్ దాన్ని చెడు ప్రవర్తన కింద లెక్కేస్తుంది, ఏఎన్ఆర్‌లకైతే 0.47 శాతం. చిన్న యాప్‌కు ఈ శాతాలతో పెద్దగా పని లేదు. 60 కొట్లు వాడే యాప్‌లో ఒక్క కొట్టు పడినా 1.6 శాతం దాటుతుంది. నేను ఎదురుచూసేది వేలం జరిగే ఒక పొద్దున ఫోన్ రాకపోవడం కోసం.

క్రాష్ ఆగడం లేదు, కస్టమర్ కొట్లో కూర్చుని అరుస్తున్నాడు. "డేటా క్లియర్ చెయ్" అని చెప్పొచ్చా?

ఫోన్‌లో చెప్పొద్దు. సర్వర్‌కు ఇంకా పోని ఎంట్రీలు ఎన్ని ఉన్నాయో తెలియకుండా అస్సలు చెప్పొద్దు. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసుకోమనడం కూడా అంతే. ముందు నెట్ ఆపించి యాప్ తెరవమనండి. సింక్ నడవదు కాబట్టి చాలాసార్లు తెరుచుకుంటుంది. ఎంట్రీలు స్క్రీన్‌షాట్ తీయించండి, తర్వాత మిగతా సంగతి.

ఒకసారి టెన్షన్‌లో నేనే ఆ మాట అనేశాను. పొద్దున నుంచి కొట్టిన 23 లాట్లు పోయాయి. నేను బైక్ మీద యార్డుకు పోయేసరికి గుమాస్తా కాటా పక్కన ఉల్లి పొట్టు మీద కూర్చుని, హమాలీల జేబుల్లోంచి తూకం చీటీలు ఒక్కొక్కటే అడిగి తీసుకుని సాపు చేస్తున్నాడు. "కూచో అన్నా, నేను చదువుతా, నువ్వు కొట్టు" అన్నాడు. మధ్యాహ్నం రెండున్నర దాకా కొట్టాను. 21 దొరికాయి.